మూడో రౌండులో మనసు ఏం చేస్తుంది?

హన్మకొండలో నేను పొద్దున నడకకు పోయే గ్రౌండు ఐదింటికే నిండిపోతుంది. సగానికి పైగా పోలీసు ఉద్యోగాలకు తయారవుతున్న పిల్లలే. నర్సంపేట, ములుగు, భూపాలపల్లి వైపు ఊళ్ళ నుంచి వచ్చి ఇక్కడ రూములు తీసుకొని ఉంటారు. పగలంతా లైబ్రరీ, పొద్దున సాయంత్రం గ్రౌండు. దేహదారుఢ్య పరీక్షలను వాళ్ళు 'ఈవెంట్స్' అంటారు. రన్నింగ్, లాంగ్ జంప్, షాట్‌పుట్. 2022 నోటిఫికేషన్‌లో రన్నింగ్‌కు పెట్టిన హద్దు మగపిల్లలకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లు, ఆడపిల్లలకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లు. అందులో నెగ్గితేనే మిగతావి.

1600 మీటర్లంటే 400 మీటర్ల ట్రాకు మీద నాలుగు రౌండ్లు. రౌండు 1 నిమిషం 48 సెకన్లలో పడాలి. నిరుడు ఒకరోజు ఒక పిల్లవాడు మూడో రౌండు సగంలో ఆగిపోయి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకొని వంగి నిలబడ్డాడు. దగ్గరికి పోయి నీళ్ళ సీసా ఇచ్చి, కాళ్ళు పట్టేసినయా అని అడిగాను.

"కాళ్ళు మంచిగనే ఉన్నయ్ సార్. రెండు రౌండ్లు తెల్వకుండనే పోతయ్. నాలుగోది ఎట్లనో అట్ల కొట్టేస్త. గీ మూడోదే. ఆగిపోబుద్ధి అయితది."

నేను ఇరవై రెండేళ్ళుగా ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్తున్నాను. పరీక్ష సగంలో పెన్ను కింద పెట్టేసే పిల్లల్ని చూశాను. వచ్చిన లెక్క కూడా చేయరు. అడిగితే ఇంచుమించు ఇదే జవాబు: "వచ్చు సార్, కానీ చేయబుద్ధి కాలేదు." ఆ రోజు నుంచి ఈ రెండింటికీ ఉన్న సంబంధం గురించి చదువుతున్నాను, తెలిసినవాళ్ళను అడుగుతున్నాను, నా ఒంటి మీదే చూసుకుంటున్నాను. ఒళ్ళు కష్టపెడితే మనసు గట్టిపడుతుందా? పడితే ఎట్లా?

అందరూ చెప్పే జవాబు తెలిసిందే. చెమటోడ్చు, కష్టానికి అలవాటు పడు, మనసు దానంతటదే గట్టిపడుతుంది. ఈ జవాబును నేను ఒప్పుకోను. అదే నిజమైతే మన ప్రాంతంలో రైతును మించిన గట్టి మనిషి ఉండకూడదు. మే నెల ఎండలో దుక్కి దున్ని, ముసురు వానలో నాటేసి, చలిలో రాత్రిపూట కరెంటు కోసం బావి కాడ పడుకున్న ఒంటికి తెలియని కష్టం ఏముంది? అయినా 1997-98లో వరంగల్ పేరు దేశమంతా పత్రికల్లోకి ఎక్కింది పత్తి రైతుల ఆత్మహత్యలతోనే. వాన, పురుగు, విత్తనం, వడ్డీ, మార్కెట్ ధర, వీటిలో ఒక్కటీ వాళ్ళ చేతిలో లేదు. ఎంత చేసినా ఏమీ మారదని తేలిపోయినప్పుడు ఒంటి బలం మనిషిని నిలబెట్టలేకపోయింది. అందుకే ఎవరైనా యువతకు 'కష్టపడితే గట్టిపడతారు' అని ఊరికే చెప్తుంటే నాకు మనసు చివుక్కుమంటుంది. ఆ కష్టానికి పగ్గం ఎవరి చేతిలో ఉందో ముందు చూడాలి.

ఈ పగ్గం సంగతిని శాస్త్రవేత్తలు చాలా ఏళ్ళ కింద పట్టుకున్నారు. 1967లో అమెరికాలో మార్టిన్ సెలిగ్‌మన్, స్టీవెన్ మేయర్ కుక్కల మీద ఒక ప్రయోగం చేశారు. రెండు గుంపులకూ ఒకే రకం కరెంటు షాకులు. ఒక గుంపు తలతో పలకను నొక్కితే షాకు ఆగుతుంది. రెండో గుంపు ఏం చేసినా ఆగదు. తర్వాత వాటిని చిన్న అడ్డుగోడ దూకితే తప్పించుకోగలిగే పెట్టెలో పెట్టారు. మొదటి గుంపు కుక్కలు త్వరలోనే దూకడం నేర్చుకున్నాయి. రెండో గుంపులో చాలా కుక్కలు ప్రయత్నమే మానేసి పడుకున్నాయి. నొప్పి రెండింటికీ సమానమే. ఒకదానికి దాన్ని ఆపే వీలుంది, ఇంకోదానికి లేదు. ఇప్పుడు అలాంటి ప్రయోగం చదువుతుంటేనే బాధేస్తుంది, కానీ అది చెప్పిన విషయం పెద్దది.

అంతకన్నా పెద్ద విషయం యాభై ఏళ్ళ తర్వాత బయటపడింది. 2016లో ఆ ఇద్దరే తమ సిద్ధాంతాన్ని తిరగరాశారు. నిస్సహాయత నేర్చుకునేది అని మొదట అన్నారు. కాదు, ఎడతెగని బాధ వచ్చినప్పుడు చేతులు ముడుచుకోవడం మెదడుకు పుట్టుకతో ఉన్న తీరు. నేర్చుకోవాల్సింది 'ఇది నా చేతిలో ఉంది' అనే సంగతినే అని ఇప్పుడు రాశారు. మన ప్రయత్నంతో బాధ తగ్గినట్టు తెలిసినప్పుడు నుదురు వెనక ఉండే మెదడు భాగం దాన్ని గుర్తుపట్టి, లోపలి నుంచి వచ్చే ఆ ముడుచుకుపోయే సంకేతాన్ని అణిచిపెడుతుంది. ఒకసారి అలా జరిగాక తర్వాత వచ్చే వేరే కష్టంలో కూడా ఆ దారి కొంత తెరిచే ఉంటుంది.

పరుగు, గుట్ట ఎక్కడం, ఈత, బరువులు, ఏదైనా సరే, మనసుకు పనికొచ్చేది ఇక్కడే. ఆ బాధను మొదలుపెట్టేది నేను. ఏ క్షణంలోనైనా ఆపగలిగేది నేను. అయినా ఇంకో వంద మీటర్లు ఆపకుండా ఉండేది కూడా నేనే. జీవితంలో ఇంత శుభ్రంగా పగ్గం చేతికి దొరికే కష్టాలు చాలా తక్కువ.

పగ్గం చేజారితే ఏమవుతుందో కూడా నేను చూశాను. నలభై రెండేళ్ళ వయసులో షుగర్ హద్దులో ఉందని డాక్టరు చెప్తే ఒక జిమ్‌లో చేరాను. మొదటి రోజే అక్కడి ట్రైనర్ రెండు వందల గుంజీలు తీయించాడు. వంద దగ్గర చాలు అన్నాను. "ఆగితే మీరు జీవితంలో ఆగిపోయినట్టే" అని అందరి ముందూ అరిచాడు. తీశాను. రెండో రోజు తొడలు ఉబ్బి, కాలేజీలో మెట్లు దిగడానికి గోడ పట్టుకోవాల్సి వచ్చింది. నాలుగు రోజులకు నొప్పి పోయింది కానీ ఆరు నెలలు ఆ వీధి వైపే పోలేదు. అక్కడ నా ఒళ్ళు నేర్చుకున్నది ఒక్కటే: నేను చాలన్నా ఆగదు. పైకి అది 'చాలెంజ్', లోపల అది రెండో గుంపు షాకు. ఇంకో సంగతి, ఇది ప్రాణానికే ముప్పు. అలవాటు లేని ఒంటిని ఒకేసారి అంత తిప్పలు పెడితే కండరం విరిగి ఆ వ్యర్థం రక్తంలో కలుస్తుంది. మూత్రం డికాషన్ రంగులోకి మారితే అదే గుర్తు. వెంటనే ఆసుపత్రికి పోవాలి, లేకపోతే కిడ్నీలు దెబ్బతింటాయి.

సరే, మళ్ళీ మూడో రౌండుకు వద్దాం. ఆ పిల్లవాడు కాళ్ళు బాగానే ఉన్నాయన్నాడు. అబద్ధం కాదు. బ్రిటన్‌లో సామ్యుయేలే మార్కోరా అనే శాస్త్రవేత్త బృందం 2009లో 16 మందిని తీసుకొని ఒక పరీక్ష చేసింది. ఒకరోజు 90 నిమిషాల పాటు కంప్యూటర్ ముందు బుర్ర అలిసిపోయే పని చేయించి, తర్వాత ఓపిక ఉన్నంతసేపు సైకిల్ తొక్కించారు. ఇంకోరోజు అంతసేపూ మామూలు డాక్యుమెంటరీలు చూపించి తొక్కించారు. డాక్యుమెంటరీలు చూసిన రోజు సగటున 754 సెకన్లు తొక్కారు, బుర్ర అలిసిన రోజు 640 సెకన్లకే దిగిపోయారు. గుండె, ఊపిరి, కండరాల లెక్కల్లో దానికి తగిన తేడా ఏమీ కనిపించలేదు. తేడా వచ్చింది 'ఎంత కష్టంగా ఉంది' అనే అనుభూతిలో. అది మొదటి నిమిషం నుంచే ఎక్కువగా ఉంది.

ఇది మన లైబ్రరీ పిల్లలకు నేరుగా తగిలే విషయం. పగలంతా కరెంట్ అఫైర్స్, అర్థమెటిక్ చదివి సాయంత్రం ట్రాకు మీదికి వస్తే టైమింగ్ పడిపోతుంది. 'నా దమ్ము పోయింది, ఇక నాతోని కాదు' అనుకుంటారు. దమ్ము ఎక్కడికీ పోలేదు. అలిసింది బుర్ర. ఈ ఒక్క మాట చెప్తే ముఖం వెలిగిన పిల్లల్ని చూశాను.

మూడో రౌండులోనే ఎందుకంటే, మొదటి రౌండుకు ఉత్సాహం ఉంటుంది, నాలుగో రౌండుకు గీత కనిపిస్తుంది. మూడోదానికి రెండూ ఉండవు. ఆయాసం నిండుగా ఉంటుంది, మిగిలింది ఇంకా చాలా ఉంటుంది. అప్పుడు మెదడు బేరం మొదలుపెడుతుంది. డిగ్రీ రెండో ఏడు కూడా ఇట్లాంటిదే. అప్పు తీర్చడంలో మధ్య ఏళ్ళు, ఇంట్లో మంచాన పడ్డ మనిషికి సేవ చేయడంలో మధ్య నెలలు, అన్నీ ఇట్లాంటివే.

ఈ బేరానికి ఏం చెప్పాలో గ్రౌండు పిల్లలు ఎవరూ నేర్పకుండానే కనుక్కున్నారు. "ఆ పోల్ దాక" అని ఒక లైటు స్తంభం చూపించుకుంటారు. అది దాటాక ఇంకో స్తంభం. మార్కోరా తోటి పరిశోధకులు 2014లో 24 మందితో ఇట్లాంటిదే చూశారు. సగం మందికి రెండు వారాల పాటు, కష్టం పెరిగినప్పుడు తమకు తాము చెప్పుకోవాల్సిన మాటలు ఎంచుకొని అలవాటు చేసుకోమన్నారు. వాళ్ళు సైకిల్ తొక్కగలిగిన సమయం సుమారు 18 శాతం పెరిగింది. మిగతా సగం మందిలో మార్పు లేదు. రెండు వారాల్లో కాళ్ళు అంత మారవు. లోపలి మాట మారింది.

ఇంకో ముడి గుండె దడ. పరీక్ష ముందు దడ, స్టేజీ ఎక్కితే దడ. కొందరికి ఆ దడే భయం అవుతుంది. గుండె వేగం పెరగగానే ఏదో అయిపోతోందని ఇంకా భయపడతారు, దాంతో వేగం ఇంకా పెరుగుతుంది. అదొక సుడి. నా క్లాసులో ఒక అమ్మాయికి రెండుసార్లు ఇట్లా అయి ఆసుపత్రికి తీసుకుపోయారు. ఈసీజీ మామూలుగానే వచ్చింది. పరుగులో ఒంట్లో జరిగేది ఇంచుమించు అదే: గుండె దడదడ, చెమట, ఊపిరి అందకపోవడం, అడ్రినలిన్. కానీ ఇక్కడ దడను తెచ్చుకున్నది మనమే, అది ఎందుకో మనకు తెలుసు, ఆగిన కాసేపటికి తగ్గడం కళ్ళారా చూస్తాం. ఇరవై ముప్పై సార్లు అట్లా చూసిన మెదడు దడను ప్రమాదంగా చదవడం తగ్గిస్తుంది. ఆందోళన జబ్బులకు చికిత్స చేసేవాళ్ళు కూడా ఆ లక్షణాలనే కొద్దికొద్దిగా కావాలని తెప్పించి అలవాటు చేస్తారు. ఆ అమ్మాయి డాక్టరు సలహాతో భద్రకాళి చెరువు కట్ట మీద తండ్రితో కలిసి నడవడం మొదలుపెట్టింది. తర్వాత మెల్లగా పరుగు. ఛాతీలో నొప్పి, అది చేతికో దవడకో పాకడం, కళ్ళు తిరగడం మాత్రం వేరే సంగతి. అప్పుడు ఆగి డాక్టరుకు చూపించుకోవాల్సిందే.

ఇన్ని చెప్పాక కూడా ఒక ప్రశ్న మిగులుతుంది. గ్రౌండులో సంపాదించింది గ్రౌండు బయట పనిచేస్తుందా? దీని మీద పరిశోధనలన్నీ ఒక్క మాట మీద లేవు. జర్మనీలో వ్యాయామం అలవాటు లేని కాలేజీ కుర్రాళ్ళతో 20 వారాలు పరుగు సాధన చేయించి, పరీక్షల రోజుల్లో వాళ్ళ గుండె తీరును కొలిచారు. సాధన చేయనివాళ్ళ కన్నా వీళ్ళ ఒంటి మీద ఒత్తిడి ప్రభావం తక్కువగా కనిపించింది. కొన్ని ఇతర అధ్యయనాల్లో ఇంత తేడా రాలేదు. నా నమ్మకం ఏమిటంటే, ఒళ్ళు చేసుకునే సర్దుబాటు కొంతవరకే బయటికి వస్తుంది. అంతకన్నా ఎక్కువ దూరం వచ్చేది సాక్ష్యం. 'నేను ఇట్లాంటిది దాటాను' అనే సాక్ష్యం.

మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బందూరా 1977లో చెప్పింది ఇదే. 'నేను చేయగలను' అనే నమ్మకం నాలుగు వైపుల నుంచి వస్తుందన్నాడు: స్వయంగా చేసి చూడటం, మనలాంటి మనిషి చేస్తుంటే చూడటం, ఎవరైనా ధైర్యం చెప్పడం, ఒంట్లో తెలిసే స్థితి. అన్నిటికన్నా బలమైనది మొదటిది. అయితే సులువుగా దొరికిన గెలుపులే అలవాటైనవాళ్ళు మొదటి ఓటమికే చతికిలపడతారని కూడా ఆయనే చెప్పాడు. అంటే మెట్టు మరీ చిన్నది కాకూడదు, మరీ పెద్దది కాకూడదు. మోకాలి ఎత్తు ఉండాలి.

రెండో వైపుకు, అంటే మనలాంటి మనిషి చేస్తుంటే చూడటానికి, మన దగ్గర కొదవ లేదు. నిజామాబాద్ జిల్లా పాకాల అనే చిన్న ఊరి అమ్మాయి మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పుడు ఆమె వయసు 13 ఏళ్ళ 11 నెలలు. అందరికీ ఆ శిఖరం ఫోటోనే గుర్తు. నాకు ముఖ్యమనిపించేది దానికి ముందున్న వరుస: భువనగిరి గుట్ట మీద తాడు పట్టుకోవడం, తర్వాత డార్జిలింగ్ శిక్షణ, తర్వాత లడఖ్ చలి, ఆ తర్వాతే ఎవరెస్టు. ఒక్కో మెట్టూ ముందుదాని కన్నా ఎత్తు, కానీ కాలు అందేంత ఎత్తే.

ఇక పర్వతగిరి మండలం కల్లెడ బిడ్డ జీవాంజి దీప్తి. మేధోపరమైన వైకల్యంతో పుట్టిన పిల్ల. చిన్నప్పుడు ఊళ్ళో వాళ్ళ నుంచి పడరాని మాటలు పడింది. 2024 మేలో జపాన్‌లోని కోబేలో 400 మీటర్లను 55.07 సెకన్లలో పరుగెత్తి తన విభాగంలో ప్రపంచ రికార్డు పెట్టింది. అదే ఏడు సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్. ఫైనల్‌కు ముందు హీట్స్‌లోనే తుర్కియే అమ్మాయి ఒకరు ఆ రికార్డును బద్దలు కొట్టేసింది. నాలుగు నెలలు కూడా నిలవని రికార్డు. ఆ తర్వాత ఫైనల్ గీత మీద నిలబడటం ఎట్లా ఉంటుందో ఆలోచించండి. దీప్తి 55.82 సెకన్లలో పరుగెత్తి కాంస్యం తెచ్చింది. నేను క్లాసులో పిల్లలకు ఆ కోబే రికార్డు కన్నా పారిస్ కాంస్యం గురించే ఎక్కువ చెప్తాను.

మొదలుపెట్టాలనుకునేవాళ్ళకు చెప్పాల్సింది కొంచెమే. పద్మాక్షి గుట్ట మెట్లున్నాయి, చెరువు కట్టలున్నాయి, ఊళ్ళో అయితే బడి గ్రౌండు ఉంటుంది. వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది, అది ఆరోగ్యానికి పునాది. మనసు కోసం అందులో ఒక రోజు, కొంచెం భయం వేసే పని పెట్టుకోండి. మీరు ఎంచుకున్నదే ఉండాలి. మార్చి దాటాక ఎండ ఎక్కకముందే ముగించాలి, మన దగ్గర ఆ ఎండతో పంతం పనికిరాదు. నిద్ర తగ్గించి సాధన పెంచితే ఒళ్ళు బాగుపడదు, ఎందుకంటే బలం వచ్చేది పరుగులో కాదు, పరుగు తర్వాతి విశ్రాంతిలో. పడుకున్నా నిద్ర పట్టకపోవడం, ఊరికే కోపం రావడం, పొద్దున లేవగానే నాడి వేగంగా ఉండటం కనిపిస్తే రెండు మూడు రోజులు ఆపేయండి.

ఇంకో మాట, ఇది చాలా ముఖ్యం. రెండు వారాలుగా ఏదీ చేయబుద్ధి కాక, తిండి నిద్ర చెడి, బతుకు మీద విసుగు పుట్టినవాళ్ళకు 'లేచి పరుగెత్తు' అని చెప్పకండి. డిప్రెషన్‌లో వ్యాయామం సాయం చేస్తుంది, నిజమే. కానీ ఆ మనిషికి మంచం దిగడమే మూడో రౌండు. వాళ్ళను డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. మానసిక సాయం కోసం ప్రభుత్వం నడిపే టెలిమానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. సాయం అడగడం కూడా పగ్గం చేతిలోకి తీసుకోవడమే.

గ్రౌండులో ములుగు వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఉంది. 800 మీటర్లు కాబట్టి ఆమెకు రెండే రౌండ్లు. "మాకు మూడో రౌండు లేదు కద సార్, రెండో రౌండ్ల గా మొదటి మలుపు కాడనే మాకు మూడో రౌండు" అంది ఒకసారి. బ్యాగులో రెండు వందల పేజీల నోట్‌బుక్ పెట్టుకుంటుంది. స్కేలుతో గీసుకున్న గళ్ళు మూడు: తేదీ, టైం, మూడోదానికి పేరు లేదు. అందులో 'ఆగిన' అనో 'ఆగలే' అనో రాస్తుంది. మొదటి పేజీ నిండా 'ఆగిన'లే. ఒకచోట 'మూడుసార్లు ఆగిన' అని ఉంది.

నిన్న పొద్దున ఫోన్ నా చేతికిచ్చి "సార్, జెర టైం చూడరా" అంది. మలుపు దగ్గర భుజాలు కిందికి జారాయి, అడుగులు చిన్నవయ్యాయి. నడకలోకి మాత్రం రాలేదు. 5 నిమిషాల 31 సెకన్లు. హద్దు కన్నా 11 సెకన్లు ఎక్కువ. నేను చెప్పడానికి కొంచెం వెనకాడాను. ఆమె ఫోన్ తీసుకొని చూసుకుంది, గట్టు మీద కూర్చొని తేదీ, టైం రాసింది. మూడో గడిలో 'ఆగలే' అని రాసి, నోట్‌బుక్ బ్యాగులో పెట్టుకొని లైబ్రరీకి పోయింది.